పాపయ్య లోపలా, బయటా

పాల్ హీబర్ట్ వ్యాసాన్ని మొదటిసారి చదివినప్పుడు నేను రివ్యూ రాయాలనుకోలేదు. వాదన నచ్చింది, అంతే. రెండోసారి చదివినప్పుడు మా అవ్వ గుర్తొచ్చి ఆగిపోయాను.

1978లో రాసిన ఆ వ్యాసం అడిగేది చిన్న ప్రశ్న. పాపయ్య అనే రైతు పొలం నుంచి తిరిగొచ్చి, ఊళ్ళో ఎవరో కొత్తమనిషి క్రీస్తు గురించి చెబుతుంటే వింటాడు. ఒక్కసారే వింటాడు. ఆ ఒక్కసారితో పాపయ్య క్రైస్తవుడు కాగలడా? కావాలంటే అతనికి ఎంత తెలిసుండాలి?

హీబర్ట్ మన ఊళ్ళు తెలియని మనిషి కాదు. మిషనరీ దంపతులకి 1932లో ఇక్కడే పుట్టారు. నాగర్‌కర్నూల్, వనపర్తి, 1937లో అమెరికన్ బాప్టిస్టుల నుంచి చేతికొచ్చిన గద్వాల, ఇవన్నీ వాళ్ళ మెనోనైట్ బ్రెదరెన్ మిషన్ కేంద్రాలే. 2016లో మూడు జిల్లాలు అయ్యాయిగానీ, అప్పటికి అంతా పాలమూరే. ఆంత్రొపాలజిస్టుగా ఆయన 1971లో వేసిన ‘కొండూరు’ కూడా పాలమూరు పల్లె మీద రాసిందే.

జవాబు కోసం హీబర్ట్ గణితంలోకి వెళ్తారు. నాలాంటివాడు పడిపోయేది అక్కడే. ఒక రకం సమితికి హద్దు ఉంటుంది: ఈ లక్షణాలుంటే లోపల, లేకపోతే బయట, మధ్యలో ఏమీ లేదు. మా భాషలో బూలియన్. ఇంకో రకం సమితికి కేంద్రం ఉంటుంది. నువ్వెంత దూరంలో ఉన్నావన్నది కాదు, ఎటు తిరిగి నడుస్తున్నావన్నది లెక్క. కేంద్రానికి చాలా దూరంలో ఉన్నా అటువైపే నడుస్తున్నవాడు లోపలివాడు. పక్కనే ఉన్నా వీపు తిప్పి వెళ్ళిపోతున్నవాడు బయటివాడు. క్రైస్తవుడు అనే మాటని ఈ రెండో రకంగా అర్థం చేసుకోవాలంటారు ఆయన. పాపయ్యకి తెలిసింది చాలా తక్కువ. కానీ అటు తిరిగాడు, కాబట్టి మనవాడే.

ఈ మాట అన్నది ఎవరో కూడా చూడాలి. మెనోనైట్ బ్రెదరెన్ పుట్టిందే హద్దు దగ్గర. నిజమైన మార్పు లేనివాళ్ళతో కలిసి ప్రభు బల్లలో పాల్గొనలేమంటూ 1860లో, నేటి ఉక్రెయిన్‌లో ఉన్న మెనోనైట్ గ్రామాల్లో, కొందరు పాత సంఘం నుంచి విడిపోయారు. ఆ సంఘపు బిడ్డే వంద పైచిలుకు ఏళ్ళ తర్వాత గీతని పక్కన పెట్టి దిక్కుని చూడమన్నాడు. ఆ ధైర్యానికి నాకు గౌరవం ఉంది.

ఇక మా అవ్వ. వనపర్తి దగ్గర పల్లె. బాప్తిస్మం తీసుకుంది, ఆదివారం గుడి తప్పదు. ఒక ఏడు తమ్ముడింట్లో ఎల్లమ్మ పండగకి పోయి అక్కడ వండిన కూర తిన్నది. సంఘంలో తెలిసింది. ‘నీ మనసు నిజంగా ప్రభువు వైపు లేదు’ అని పాస్టర్ గారు ఆమెని బల్ల నుంచి ఆపారు. ‘తమ్ముడు పెట్టిండు. వద్దంటే వాని మొకం మల్ల ఎట్ల సూడాలె’ అన్నదట. అంతకుమించి వాదించలేదు.

పాస్టర్ గారి మాట మళ్ళీ చదవండి. అందులో హద్దు లేదు. ఉన్నది దిక్కే! హీబర్ట్ ఊహించని చోటు ఇదేననిపిస్తుంది నాకు. గీత కఠినమైనదే, కానీ కంటికి కనిపిస్తుంది: నీళ్ళలో మునిగావా లేదా. దిక్కు అలా కాదు, అది మనిషి లోపల ఉంటుంది. దాన్ని కొలిచే పని సంఘం చేతికిచ్చామా, గీత కన్నా క్రూరంగా తయారవుతుంది. ఎటు తిరిగి ఉన్నామో కేంద్రంలో ఉన్నవాడికి తప్ప ఎవరికి తెలుస్తుంది? హీబర్ట్‌కి ఇది తెలియదనను. కానీ వ్యాసం ఆ తాళంచెవి ఎవరి దగ్గరుండాలో గట్టిగా చెప్పదు.

అసలు ‘ఎంత తెలిసుండాలి’ అన్న ప్రశ్నే తీర్పు గురించిన వాక్యాల ముందు నిలబడదు. మత్తయి 25లో గొర్రెలు, మేకలు, రెండు గుంపులూ ఆశ్చర్యపోతాయి. ఆకలిగొన్నవాడికి పెట్టినవాళ్ళకీ తాము ఎవరికి పెట్టామో తెలియదు. మత్తయి 21లో ఇద్దరు కొడుకులు. ఒకడు పోనని చెప్పి తోటకి పోతాడు, రెండోవాడు పోతానని చెప్పి పోడు. విధేయత లెక్క తేలేది తోటలోనే, నోటి దగ్గర కాదు. ఈ రెండు కథల్లోనూ తీర్పరి పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్న మనిషి ఎవరూ కనిపించరు.

ఇంకో లోటు. పాపయ్య వ్యాసంలో ఒంటరి. పాలమూరులో క్రీస్తు వైపు తిరిగినవాళ్ళలో ఎక్కువమంది మాల, మాదిగలు. కుటుంబాలుగా, వాడలుగా తిరిగారు. పైగా 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైతే ఎస్సీ హోదా పోతుంది. సిక్కులకి 1956లో, బౌద్ధులకి 1990లో ఆ తలుపు తెరిచారు, వీళ్ళకి లేదు. మన దగ్గర బీసీ-సీ, ఒక్క శాతం రిజర్వేషన్. సర్టిఫికెట్లో హిందూ, ఆదివారం చర్చి. ఇలా బతికేవాళ్ళని ‘అబద్ధికులు’ అనడం ఇటు పాస్టర్లకీ అటు రాజకీయాలవాళ్ళకీ తేలికే. కాలేజీ సీటు కోసం పిల్లాడి ఫారం నింపుతున్న తండ్రి ఎటు తిరిగి ఉన్నాడు? రాజ్యానికి తెలిసింది హద్దు సమితి ఒక్కటే. ‘కొండూరు’లో కులాల అల్లికని అంత ఓపికగా చూసిన మనిషి పాపయ్యని మాత్రం వాడ నుంచి విడదీసి నిలబెట్టారు. అదే నాకు మింగుడుపడదు.

అయినా చదవాల్సిన వ్యాసమే. నేను మళ్ళీ చదువుతాను.

అవ్వని రెండేళ్ళు ఆపారు. ఆ రెండేళ్ళూ ఒక్క ఆదివారం మానలేదట. రొట్టె పళ్ళెం తన వరుసకి వచ్చినప్పుడు రెండు చేతులతో అందుకుని, ముట్టుకోకుండా, పక్కన కూర్చున్న ఆమెకి ఇచ్చేదట.