సీలు మార్చే ముందు బ్రీదర్ చూడాలి

కమలాపురం నుంచి ఎర్రగుంట్ల మీదుగా ప్రొద్దుటూరు, జమ్మలమడుగు పోయే దారుల్లో నాపరాళ్ల పొడి, సిమెంటు దుమ్ము గాల్లో తేలుతూనే ఉంటాయి. ఎండాకాలం వేడి 40 డిగ్రీలు దాటుతుంది. అలాంటి చోట పాత అంబాసిడర్‌నూ మహీంద్రా జీపునూ బతికించుకొస్తున్న మేస్త్రీలకు ఒక వరస ఉంది. బండి కింద ఆయిల్ మరక కనబడగానే స్పానర్ అందుకోరు. ఇంజను లోపలి గాలి ఎటు పోతోందో ముందు చూస్తారు. షెడ్డులో పెద్దవాళ్ల పక్కన నిలబడి నేర్చుకునే విద్య ఇది. ఇది పోతే, బాగుపడగలిగిన బండ్లు కూడా పాత ఇనుము కొట్టుకు చేరతాయి.

రింగులు ఎంత బాగున్నా సిలిండర్‌లో మండిన గ్యాసు కొంత వాటిని దాటి ఆయిల్ చాంబర్‌లోకి దిగుతుంది. నీటి ఆవిరి, కాలని ఇంధనం దాని వెంటే వస్తాయి. ఇవన్నీ బయటపడే దారే బ్రీదర్. ఆ దారి దుమ్ముతో, జిడ్డుతో పూడుకుపోతే, అన్నం గిన్నెకు మూత బిగించినప్పుడు గంజి అంచుల వెంట పొంగినట్టు, ఆయిల్ సందు దొరికిన చోటల్లా బయటికొస్తుంది. అప్పుడు కొత్త సీలు వేసినా కొన్నాళ్లకే మళ్లీ కారుతుంది. సామాను నకిలీదని తిట్టుకుంటాం కానీ, లోపం సీలుది కాదు.

అంబాసిడర్ విషయంలో ఇది మరీ నిజం. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ ఆధారంగా 1957లో మొదలైన ఈ కారును హిందుస్థాన్ మోటార్స్ 2014 దాకా ఉత్తరపారాలో తయారుచేసింది. దాంట్లో ఎక్కువకాలం నడిచిన 1489 సీసీ పెట్రోల్ ఇంజనులో క్రాంక్ షాఫ్ట్ వెనుక కొసకు రబ్బరు సీలే లేదు. షాఫ్ట్ మీద మరచుట్టులాంటి గాడి ఉంటుంది. షాఫ్ట్ తిరుగుతుంటే ఆ గాడి ఆయిల్‌ను లోపలికి తోడుతుంది. లోపల ఒత్తిడి పెరిగితే దాని బలం చాలదు, ఆయిల్ క్లచ్ వైపు దారి చూసుకుంటుంది. అందుకే అంబాసిడర్ వెనక ఆయిల్ కారుతోందంటే మంచి మేస్త్రీ ఇంజను దించే మాట చివరికి గానీ ఎత్తడు. పక్కన ట్యాపెట్ల పలకకు ఉన్న బ్రీదర్ పైపును, పై కవర్ నుంచి ఎయిర్ క్లీనర్‌కు పోయే గొట్టాన్ని విప్పి, పెట్రోల్‌తో కడిగి, ఊది చూస్తాడు. ఎంతోమందికి వేల రూపాయలు మిగిలేది ఈ ఒక్క పనితోనే.

కారే చోటు కనుక్కోవడానికి ఇంజనును ముందు డీజిల్‌తో శుభ్రంగా కడగాలి. ఆరనిచ్చి, అనుమానమున్న అతుకుల మీద మొహానికి రాసుకునే పౌడరు చల్లి, కాసేపు నడపాలి. పౌడరు ఎక్కడ ముందుగా నల్లబడితే మూలం అక్కడే. ఫ్యాను గాలి ఆయిల్‌ను వెనక్కి, కిందికి కొడుతుంది కాబట్టి చాంబర్ ప్యాకింగ్ తడిగా ఉందని దాన్నే పట్టుకోకూడదు. తడిసిన వాటిలో అన్నిటికన్నా పైన, అన్నిటికన్నా ముందు ఉన్న చోటు చూడాలి. చాలాసార్లు అది ట్యాపెట్ కవర్ కార్కు ప్యాకింగే అవుతుంది. జీపుల్లో వెనక నుంచి కారేది గేరు ఆయిలో, ఇంజను ఆయిలో వేళ్లకు రాసుకుని వాసన చూస్తే తెలిసిపోతుంది. 90 నంబరు గేరు ఆయిల్ గంధకం కంపు కొడుతుంది.

ఇక ఒత్తిడి సంగతి. ఇంజను వేడెక్కాక ఐడిల్‌లో ఆయిల్ పోసే మూత తీయాలి. పాత ఇంజనులో అక్కడ కొంచెం ఆవిరి తొణకడం మామూలే. ఎడతెగకుండా పొగ ఎగదన్నుతుంటే, డిప్‌స్టిక్ తనంతట తానే పైకి లేస్తుంటే, లోపల గ్యాసు ఎక్కువైనట్టు. "ఊపిరాడ్తాందా ల్యాదా సూడు, తర్వాత సీలు సంగతి" అనే మాట ఇక్కడే అక్కరకొస్తుంది. బ్రీదర్ కడిగాక కారడం ఆగిందా, పని అయిపోయింది. ఆగలేదంటే కంప్రెషన్ చూడాలి. పెట్రోల్ ఇంజనులో ప్లగ్గు రంధ్రం గుండా చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూస్తే, కొలత బాగా పెరిగితే రింగులు అరిగినట్టు. పెరగకపోతే వాల్వులనో హెడ్ ప్యాకింగ్‌నో అనుమానించాలి. డీజిల్ జీపులకు ఈ పరీక్షను నమ్మకూడదు. పిస్టన్ పైన ఖాళీ చాలా తక్కువ, కాబట్టి ఆ కాస్త ఆయిలే కొలతను పెంచేస్తుంది.

డీజిల్ ఇంజనులో బ్రీదర్‌ను నిర్లక్ష్యం చేస్తే ప్రాణం మీదికి రావచ్చు. బ్రీదర్ గొట్టం గాలి తీసుకునే దారికి కలిసి ఉన్న ఇంజను విపరీతంగా అరిగితే, ఆ గొట్టం గుండా వచ్చే ఆయిలే ఇంధనమవుతుంది. తాళం తిప్పినా ఆగకుండా తనంతట తానే రేసవుతుంది. గాలి దారిని గట్టిగా మూస్తేనే ఆగుతుంది. మూయాల్సింది పలకతో, చేత్తో కాదు.

1960ల మొదట్లో అమెరికాలో, ముందుగా కాలిఫోర్నియాలో, ఈ గ్యాసును రోడ్డు మీదికి వదలకుండా తిరిగి ఇంజనుకే పంపి కాల్చే పీసీవీ వాల్వు కార్లలోకి వచ్చింది. అది ఉన్న పెట్రోల్ కార్లలో పరీక్ష తిరగబడుతుంది. ఐడిల్‌లో ఆయిల్ మూత తీసి కాగితం పెడితే లోపలికి అంటుకోవాలి. అంటుకోకుండా ఎగిరితే వాల్వు తీసి ఆడించి చూడాలి. బిళ్ల కదిలి గలగలమనకపోతే మార్చాలి, ధర పెద్దగా ఉండదు.

బయటికే కారేలా చూడాల్సిన ఆయిల్ కూడా ఒకటుంది. అంబాసిడర్ క్లచ్ గూడు అడుగున చిన్న రంధ్రంలో ఒక స్ప్లిట్ పిన్ను వదులుగా ఊగుతుంటుంది. నడుస్తున్నప్పుడు అది కదులుతూ రంధ్రం పూడకుండా కాపాడుతుంది. చుక్కలు పడుతున్నాయని దాన్ని పేస్టుతో మూసేవారున్నారు. అప్పుడు ఆయిల్ లోపలే చేరి క్లచ్ ప్లేటును తడుపుతుంది, బండి ఎత్తు ఎక్కలేక జారుతుంది. అలా వచ్చిన బండికి మేస్త్రీ మొదట చేసేది ఆ పేస్టు గీకేసి, కొత్త పిన్ను వేసి, రెండు కాళ్లూ వంచడమే.