గడప దాటించే ఆదేశం

యూసుఫ్‌గూడలో మెట్రో ఎక్కితే మధురానగర్ తర్వాత అమీర్‌పేటే. ఇక్కడి గదుల్లో ఉంటూ అక్కడి కోచింగ్ సెంటర్లలో డేటా సైన్స్ నేర్చుకునే పిల్లలు ఆర్ భాషలో రిగ్రెషన్ గురించి గడగడా చెప్పేస్తారు. సిస్టమ్ ఫంక్షన్ గురించి అడిగితే మాత్రం మొహాలు చూసుకుంటారు. ఆర్‌లో ఉంటూనే ఆపరేటింగ్ సిస్టమ్‌కు పని పురమాయించడం చేతకాకపోతే ఆర్ సగమే వచ్చినట్టు.

ఈ విద్య పుట్టిల్లు గొప్పది. యూనిక్స్ పుట్టిన బెల్ ల్యాబ్స్‌లోనే 1976లో జాన్ చాంబర్స్ బృందం ఎస్ భాషకు శ్రీకారం చుట్టింది. ఆపరేటింగ్ సిస్టమ్ తరఫున ఆదేశాలు అందుకునే షెల్‌కు ఆదేశం పంపే ఫంక్షన్‌కు ఎస్‌లో యూనిక్స్ అనే పేరే పెట్టారు. ఆక్లండ్‌లో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ తయారుచేసిన ఆర్‌కు దక్కింది ఆ వారసత్వమే.

అసలు పనితనం చూడండి. ఆర్ మామూలుగా డేటానంతా మెమరీలోకి తెచ్చుకుంటుంది. కోటి వరసల్లో మనకు కావాల్సింది ఒక్క జిల్లా లెక్కే అయితే, కోటీ మోయడం ఎందుకు? పైప్ ఫంక్షన్‌లో, వరసలను వెతికి ఏరే గ్రెప్ ఆదేశం పెట్టి రీడ్ సీఎస్‌వీకి అందిస్తే వడకట్టిన వరసలే లోపలికొస్తాయి. కాలమ్ పేర్లున్న మొదటి వరసను కూడా గ్రెప్ వదిలేస్తుంది కాబట్టి హెడర్ ఫాల్స్ అని చెప్పాలి. మ్యాట్ డౌల్ మొదలుపెట్టిన డేటా టేబుల్ ప్యాకేజీలోనైతే ఎఫ్‌రీడ్‌కు ఇందుకోసమే సీఎండీ అనే ఆర్గ్యుమెంట్ ఉంది. ఎంత ముచ్చటైన ఏర్పాటు!

మంచి పనివాడు పని చెప్పి ఊరుకోడు, జవాబు వింటాడు. సిస్టమ్ ఫంక్షన్ తిరిగిచ్చే కోడ్ సున్నా అయితే పని సవ్యంగా అయినట్టు. 127 వస్తే ఆదేశమే నడవలేదు. ఆ ఫంక్షన్‌లో ఇంటర్న్ ఆర్గ్యుమెంట్‌కు ట్రూ ఇస్తే ఔట్‌పుట్ మన చేతికే వస్తుంది. పని చెడితే ఆ కోడ్ స్టేటస్ అనే అట్రిబ్యూట్‌గా దాని వెంటే వస్తుంది.

ఇక కొటేషన్ల సంగతి. ‘పాత లెక్కలు’ అనే ఫైల్‌ను తీసేయమని ఆర్‌ఎం ఆదేశానికి కొటేషన్లు లేకుండా అప్పగిస్తే, షెల్‌కు అవి ‘పాత’, ‘లెక్కలు’ అనే రెండు ఫైళ్లు. ‘లెక్కలు’ అనే ఫైల్ నిజంగానే ఉంటే అదే పోతుంది! సిస్టమ్‌కు తోడుగా ఆర్‌లో ఉన్న సిస్టమ్2 ఫంక్షన్ ఆదేశం పేరును తానే కోట్ చేస్తుంది, ఆర్గ్యుమెంట్లను చేయదు. వాటికి ఎస్‌హెచ్ కోట్ ఫంక్షన్‌తో కొటేషన్లు తొడగాల్సింది మనమే.

ఇదేమీ చెప్పని కోచింగ్ సెంటర్ల జిరాక్స్ నోట్సు చూస్తే నాకు కడుపు మండుతుంది. ఫైళ్ల పేర్లు చూపే లిస్ట్ ఫైల్స్ ఫంక్షన్ ఆర్‌లోనే ఉండగా అదే పని చేసే ఎల్‌ఎస్ ఆదేశం కోసం షెల్‌ను పిలవడం ఏమి విద్య? ఎవరో టైప్ చేసిన పేరును తెచ్చి నేరుగా ఆదేశంలో అతికించడం ఇంకా ఘోరం. ఆ పేరులో ఒక్క సెమీకోలన్, దాని వెనక మరో ఆదేశం ఉంటే చాలు, మెషీన్ పరాయివాడి పాలు. ఇలాంటివి నేర్పి ఫీజు తీసుకోవడం పిల్లలకు చేసే ద్రోహం.

పిల్లలూ, ఆర్ ఉచితం, దాని హెల్ప్ కూడా ఉచితమే. ఈ రాత్రి గదికి వెళ్లగానే ప్రశ్నార్థకం కొట్టి పక్కన సిస్టమ్2 అని రాసి, వచ్చిన పేజీని చివరి దాకా చదవండి.