మాట తప్పని మనిషి, మాట రాని తండ్రి

కౌబాయ్ కథ అనగానే మనకి 1971లో వచ్చిన కృష్ణగారి 'మోసగాళ్ళకు మోసగాడు' గుర్తుకొస్తుంది. టోపీ, గుర్రం, తుపాకీ, ఎక్కడో దాచిన నిధి! ఆ లెక్కన చూస్తే అమెరికన్ రచయిత లారీ మెక్‌మర్ట్రీ రాసిన 'లోన్‌సమ్ డవ్' మనల్ని కాస్త నిరాశపరుస్తుంది. నిధి లేదు. దుర్మార్గుణ్ణి చివర్లో హీరో కాల్చి చంపడం లేదు. ఎనిమిదివందల పైచిలుకు పేజీల్లో, వయసు మళ్ళిన యిద్దరు స్నేహితులు టెక్సాస్ దక్షిణపు అంచునుంచి కెనడా సరిహద్దు దగ్గరి మోంటానా దాకా పశువుల మందను తోలుకుపోతారు. ఒకడు అక్కడే చచ్చిపోతాడు. రెండోవాడు శవాన్ని వెనక్కి తీసుకొస్తాడు. కథంతా యింతే.

అయినా 1985లో వచ్చిన యీ నవలకు మరుసటేడు పులిట్జర్ బహుమతి దక్కింది. 1989 ఫిబ్రవరిలో సి.బి.ఎస్. టెలివిజన్ వారు దీన్ని నాలుగు రాత్రుల సీరియల్‌గా చూపిస్తే, గుర్రాల కథలకు కాలం చెల్లిందనుకున్న జనమే టీవీల ముందు కూచుండిపోయారు. ఏడు ఎమ్మీ బహుమతులొచ్చాయి. సీరియల్‌లో వాడిన దుస్తులూ, సామగ్రీ టెక్సాస్‌లోని శాన్ మార్కస్‌లో ఒక విశ్వవిద్యాలయం వారు భద్రపరిచారు. వాటిలో గుడ్డలు చుట్టిన గస్ శవం కూడా వుంది. నిజం శవం కాదు లెండి, షూటింగుకి చేసిన బొమ్మ! అభిమానులు పనిగట్టుకుని వెళ్ళి దాన్ని చూసొస్తారు. పుట్టని మనిషి శవానికి యింత మర్యాద ఏమిటండీ?

గస్ మెక్రే, వుడ్రో కాల్. యిద్దరూ ఒకప్పుడు టెక్సాస్ రేంజర్ దళంలో కెప్టెన్లు. గస్ నోరు మూయడు. కాల్ నోరు విప్పడు. గస్ తెల్లవారుజామున రొట్టెలు కాల్చి, పగలంతా వసారాలో కూచుని కబుర్లు చెప్తాడు. కాల్ చీకటిదాకా పనిచేసి, రాత్రికి ఒంటరిగా నదివైపు పోతాడు. గస్‌గా రాబర్ట్ డువాల్, కాల్‌గా టామీ లీ జోన్స్ వేశారు. డువాల్ మాట్లాడుతుంటే వినాలనిపిస్తుంది. జోన్స్ మాట్లాడకపోతే భయమేస్తుంది. అభిమానులు మళ్ళీ మళ్ళీ చూసేది తుపాకీ యుద్ధాల కోసం కాదు, వీళ్ళిద్దరి సణుగుళ్ళ కోసం.

చిత్రమేమిటంటే, యీ ప్రేమ రచయితకే మింగుడుపడలేదు. మెక్‌మర్ట్రీ పశువుల పెంపకందార్ల యింట పుట్టినవాడు. కౌబాయ్ జీవితానికి జనం పూసిన బంగారుపూత గీకి పారేద్దామని రాశాడు. నిజంగానే గీకాడు. ఐర్లండు నుంచి వచ్చిన కుర్రాడు నది దాటుతూ పాముల పాలవుతాడు. దొంగల్లో కలిసిన పాత మిత్రుణ్ణి స్నేహితులే ఉరి తీస్తారు. అసలు మోంటానా వెళ్ళాల్సిన అవసరం ఎవరికుంది? ఎవరికీ లేదు! యింత రాసినా పాఠకులు దాన్ని పడమటి దేశపు 'గాన్ విత్ ది విండ్'లాగా గుండెకు హత్తుకున్నారని ఆయన వాపోయాడు.

రచయిత బాధ న్యాయమే కాని, పాఠకులు అంత అమాయకులు కారని నా ఉద్దేశం. వాళ్ళని పట్టి వుంచేది బంగారుపూత కాదు, న్యూట్ అనే కుర్రాడి కథ.

న్యూట్ కాల్ కొడుకు. తల్లి మ్యాగీ వేశ్య. తనని ఒక్కసారి పేరుతో పిలవమని ఆమె బతిమాలితే కాల్ పిలవలేకపోయాడు. ఆమె పోయింది. పిల్లవాడు కాల్ కళ్ళముందే, కాల్ పనివాడుగా పెరిగాడు. వూరందరికీ తెలుసు. గస్ చచ్చేదాకా పోరుపెట్టాడు, కొడుక్కి నీ పేరివ్వవయ్యా అని. చివరికి కాల్ వాడికి తన గుర్రం యిచ్చాడు, తుపాకీ యిచ్చాడు, తన తండ్రి గడియారం యిచ్చాడు. పేరు మాత్రం గొంతులోనే వుండిపోయింది. మన కుంతి నయం! యుద్ధానికి ముందైనా కర్ణుడి దగ్గరికెళ్ళి చెప్పింది.

యిలా కొడుక్కి ఒక్కమాట చెప్పలేనివాడు, చచ్చిన స్నేహితుడికిచ్చిన మాటకోసం శవాన్ని బండిలో వేసుకుని మోంటానా నుంచి టెక్సాస్ వచ్చాడు. దీనికి చరిత్రలో ఆధారం వుంది. 1867లో న్యూ మెక్సికోలో చనిపోయిన ఆలివర్ లవింగ్ దేహాన్ని అతని భాగస్వామి చార్లెస్ గుడ్‌నైట్ యిలాగే టెక్సాస్ చేర్చాడు. చరిత్రలో అది స్నేహధర్మం. నవలలో అది స్నేహధర్మమూ, పిరికితనమూ కూడా. గస్ ప్రేమించిన క్లారా దారిలో కాల్‌ని నిలబెట్టి ఆ సంగతే అడిగి కడిగేస్తుంది. కొడుకును వదిలేసి శవాన్ని మోస్తున్నావు, నువ్వేం మనిషివని!

లోపాలు లేవని కాదు. మొదటి రెండువందల పేజీలు పశువులకంటే నెమ్మదిగా నడుస్తాయి. అమెరికన్ ఆదివాసులు ఎక్కువభాగం ఆకలిగానో, అపాయంగానో కనిపిస్తారు తప్ప యిల్లూ సంసారమూ వున్న మనుషులుగా కనిపించరు. వాళ్ళ నేలమీంచే యీ మంద నడిచిందన్న సంగతి అభిమానం మత్తులో మరిచిపోకూడదు.

1993లో మెక్‌మర్ట్రీ తరువాయి నవల 'స్ట్రీట్స్ ఆఫ్ లరేడో' రాశాడు. అందులో, పేరుకు బదులుగా తండ్రి యిచ్చిన ఆ గుర్రమే మీదపడి న్యూట్ చచ్చిపోయాడని తెలుస్తుంది. చాలామంది అభిమానులు దీనికి రచయితను క్షమించలేదు. కాని చదివినకొద్దీ నాకు అదే న్యాయమైన ముగింపు అనిపిస్తుంది. యివ్వాల్సింది యివ్వకుండా మరేది యిచ్చినా అది యెప్పుడో ఒకప్పుడు మీదపడుతుంది.

2021లో మెక్‌మర్ట్రీ కన్నుమూశాడు. ఆ నాలుగు భాగాలూ పదిసార్లు చూసినవాళ్ళు పదకొండోసారి చూస్తున్నారు. కాల్ గుర్రం దిగి, కొడుకు ఎదుట నిలబడి, పెదవి కదిలించే చోట అందరూ ఒక్కక్షణం వూపిరి బిగపడతారు. చెప్పడని వాళ్ళకి తెలుసు. అయినా యీసారి చెప్తాడేమోనని ఆశ.