శోకం నుంచి శంక దాకా: ‘మాతృదేవోభవ’లో తల్లి వ్యాధి, బిడ్డ భవిష్యత్తు

తెలుగు కథనాల్లో తల్లి అనారోగ్యం తరచు ఆమె మరణానికి పీఠికగానే వస్తుంది. ఈ పద్ధతికి ప్రబలమైన ఉదాహరణ 1993లో కె. అజయ్‌కుమార్ దర్శకత్వంలో వెలువడిన ‘మాతృదేవోభవ’. ఇది సిబి మలయిల్ మలయాళ చిత్రం ‘ఆకాశదూతు’కు పునర్నిర్మాణం. ఆ చిత్రానికి ప్రేరణ 1983 నాటి అమెరికన్ టెలివిజన్ చిత్రం ‘హూ విల్ లవ్ మై చిల్డ్రన్?’. క్యాన్సర్ సోకిన లూసిల్ ఫ్రే అనే అయోవా తల్లి 1952లో తన పదిమంది పిల్లలకు ఆశ్రయం వెదికిన యథార్థ గాథ దానికి మూలం. ఇన్ని భాషలు దాటి వచ్చిన ఈ కథ, తల్లికి మరణం కాక మరో స్థితిని ఊహించగలిగిందా అన్నదే ఇక్కడి ప్రశ్న. నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల నేటి జీవనం నుంచి చూసినప్పుడు ఈ ప్రశ్నకు పదును పెరుగుతుంది.

చిత్రంలో శారదకు రక్తక్యాన్సర్. భర్త హతుడయ్యాక నలుగురు బిడ్డల భారం ఆమెదే. మరణం తథ్యమని తెలిసి ఒక్కొక్క బిడ్డకూ ఒక ఇల్లు వెదుకుతుంది. అంగవైకల్యం ఉన్న కొడుకును మాత్రం, ఆమె బతికుండగా, ఎవరూ కోరుకోరు. చిత్రంలోని అత్యంత నిశితమైన సామాజిక పరిశీలన ఇదే: దత్తత అనే పుణ్యకార్యంలో కూడా ఎంపిక ఉంటుంది, ఎంపిక ఉన్నచోట తిరస్కారం ఉంటుంది. అయితే ఈ తిరస్కారానికి సమాధానాన్ని కథనం వ్యక్తుల దయలోనే వెదుకుతుంది. వికలాంగుల హక్కులను గుర్తించిన కేంద్ర చట్టం 1995లో గాని రాలేదు. 2016 నాటి చట్టం ఆటిజంతో సహా 21 వైకల్యాలను గుర్తించింది. 1993 నాటి ఆ బాలుడికి జాలి తప్ప హక్కు లేదు.

రసదృష్టితో చూస్తే చిత్రం బలమూ పరిమితీ ఒకేచోట కనిపిస్తాయి. కరుణకు స్థాయి శోకం. శోకానికి నష్టం నిశ్చయం కావాలి. శారద మరణం మొదటే నిశ్చయమవుతుంది గనుక ప్రతి సన్నివేశమూ వీడ్కోలుగా మారుతుంది. ఈ చిత్రంలోని పాటకు వేటూరికి జాతీయ పురస్కారం లభించడం ఆ కరుణ పరిపుష్టికి నిదర్శనం. కాని నిశ్చయం లేని నష్టాన్ని ఈ వ్యాకరణం చెప్పలేదు. భరతుడు శంకనూ చింతనూ ముప్పై మూడు సంచారిభావాలలో చేర్చాడు. అవి వచ్చి పోయేవే గాని నిలిచేవి కావు.

వైద్యం మాత్రం ఆ సంచారిని స్థాయిగా మార్చింది. చిత్రం వచ్చిన మరుసటి ఏడాది, 1994లో, బి.ఆర్.సి.ఎ.1 జన్యువును గుర్తించారు; 1995లో బి.ఆర్.సి.ఎ.2ను గుర్తించారు. వీటిలో హానికర మార్పు ఉన్న స్త్రీకి జీవితకాలంలో రొమ్ము క్యాన్సర్ వచ్చే అవకాశం 60 శాతానికి పైగా ఉంటుంది. ఆ మార్పు ప్రతి బిడ్డకూ సంక్రమించే అవకాశం 50 శాతం. ఇక్కడ తల్లి రోగి కాదు, ఆరోగ్యవంతురాలూ కాదు. ముప్పుతో జీవిస్తున్న మనిషి. శారద వ్యాధి ఆమెను బిడ్డల నుంచి విడదీస్తుంది. వంశానుగత ముప్పు తల్లినీ బిడ్డనూ ఒకే లెక్కలో బంధిస్తుంది.

ఈ ముప్పు మాతృమూర్తి భావనను కూడా కదిలిస్తుంది. ఆళ్లగడ్డ శిల్పులు దేవతామూర్తులను తాళమానం ప్రకారం చెక్కుతారు. అవయవాల కొలతలు శాస్త్రనియతాలు. భిన్నమైన విగ్రహం పూజార్హం కాదన్నది సంప్రదాయం. తెలుగు కథనం కూడా తల్లిని ఇలాంటి కొలతతోనే మలచింది: స్తన్యం, త్యాగం, కన్నీరు. బిడ్డ కోసం బతికి ఉండాలని ముందుజాగ్రత్తగా రొమ్ములు తొలగించుకునే స్త్రీ ఈ కొలతలో ఇమడదు. ఏ అవయవాన్ని మాతృత్వ చిహ్నంగా కొలిచారో, తల్లిగా మిగలడానికి దాన్నే ఆమె వదులుకుంటుంది. ‘మాతృదేవోభవ’ తన శీర్షికతోనే తల్లిని దేవతను చేసింది. దేవతకు వైద్యపరీక్ష ఉండదు.

ఆళ్లగడ్డ మండలంలో ఇలాంటి తల్లిని ఊహిస్తే, ఆమె కొడుకు ఆటిజం ఉన్నవాడు, తోటిపిల్లలు ఆటకు పిలవనివాడు అనుకుంటే, శారద కథకు అందని ఇతివృత్తం కళ్లెదుటికి వస్తుంది. భవిత కేంద్రానికి వాణ్ని తీసుకుపోవాలి, సదరం ధ్రువపత్రం కోసం తిరగాలి, బడిలో పంతులుకు పదేపదే నచ్చజెప్పాలి. 2022లో నంద్యాల జిల్లా అయింది, 2023లో అక్కడ ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది. అయినా క్యాన్సర్ వైద్యానికి సీమవాసులు హైదరాబాదు దాకా వెళ్లడం మామూలే. తన పరీక్షకు వెళ్తే వాడిని ఎవరు చూస్తారు? వెళ్లకపోతే రేపు వాడికి ఎవరున్నారు? ఈ రెండు ప్రశ్నల మధ్య వాయిదా పడేది ఎప్పుడూ ఆమె శరీరమే. ఇందులో హతుడైన భర్త లేడు, ప్రతినాయకుడు లేడు. బస్సు వేళలు, సెలవు చీటీలు, చెప్పుకోలేని భయం ఉన్నాయి.

1993 నాటి చిత్రాన్ని తర్వాతి జ్ఞానంతో తూచడం అన్యాయమన్న ఆక్షేపణ రావచ్చు. ఇక్కడ అభ్యంతరం వైద్యజ్ఞానం గురించి కాదు. ఎవరూ ఎంచుకోని బిడ్డను తెరకెక్కించిన ఘనత చిత్రానిదే. కాని ‘ఈ బిడ్డను ఎవరు తీసుకుంటారు?’ అని అడిగిన కథనం, ‘ఈ తల్లి బతకడానికి ఏం కావాలి?’ అన్న ప్రశ్నను కేంద్రానికి తేలేదు. తల్లి మరణం బిడ్డ సమస్యను లోకం దయకు అప్పగించి, ప్రేక్షకుణ్ని కన్నీటితో ఇంటికి పంపింది.

ముప్పుతో బతికే తల్లిని చెప్పాలంటే కరుణ ఒక్కటే చాలదు. శంకను స్థాయిగా నిలపగల నిదానమైన వచనం, పరీక్ష ఫలితానికీ బడిగంటకూ సమాన ప్రాధాన్యమిచ్చే కథాకాలం కావాలి. అవి దొరికేదాకా విమర్శ చేయవలసిన పని, మరణించిన తల్లికి పెట్టే నమస్కారంలో బతికి ఉన్న తల్లి కనుమరుగవుతున్న తీరును గుర్తించడం.