ఉత్ప్రేరకము: పాఠములోని పొరపాటు

ఉత్ప్రేరకము చర్యలో పాల్గొనదని మన పాఠములలో తరచు వినబడుచుండును. తిరిగి లభించుననుట వేరు, పాల్గొనదనుట వేరు. 1957లో విశాఖపట్నమున వెలసినట్టి చమురు శుద్ధి కర్మాగారములలో డీజిలునందలి గంధకమును తొలగించుటకు కోబాల్టు, మాలిబ్డినము ఆక్సైడులను వాడుదురు. అవి ముందుగా తామే గంధకముతో కలిసి సల్ఫైడులుగా మారి, పిదపనే పనికి పూనుకొనును. గంధకము హైడ్రోజనుతో కూడి వాయువుగా వెడలిపోవును. ఏండ్లు గడచుకొలది బొగ్గు పేరుకొని ఉత్ప్రేరకము డస్సిపోవును, మార్చక తప్పదు. పాల్గొననిదే అలసట యెట్లు?

ఈ లోహములను మోయు అల్యూమినాను పాఠము తలపెట్టనే లేదు. సూక్ష్మరంధ్రములతో నిండిన ఆ పదార్థము గ్రాముకు సుమారు 200 చదరపు మీటర్ల ఉపరితలమునిచ్చును. దాని మూలమైన బాక్సైటు అరకు చెంత గాలికొండపై ఖొండలైటు శిల శిథిలమై యేర్పడినది. (ఆ కొండను త్రవ్వవలెనా యనునది వేరు వివాదము.) ఒకప్పుడు కాల్చిన బాక్సైటునే పెట్రోలు శుద్ధికి వాడిరి. అరకు పిల్లలకీ పాఠము చెప్పునపుడు ఆ ఎర్రరాతి ముక్కనొకటి చేతికీయరాదా?