క్లచ్ తొక్కేది ఎవరు?

సౌదీలో ధహ్రాన్ చుట్టుపక్కల కాంట్రాక్టు కంపెనీల్లో బళ్ల వ్యవహారం చూసే మాబోటి వాళ్లకు ఏటా తప్పని చర్చ ఒకటుంది. కొత్త డీజిల్ పికప్‌లు తీసుకోవాలి. రంగు, సింగిల్ క్యాబినా డబుల్ క్యాబినా, టూ వీలా ఫోర్ వీలా అన్నీ టీ తాగేలోపు తేలిపోతాయి. గేరు దగ్గరికొచ్చేసరికి అందరూ ఆగుతారు. మాన్యువల్ చవక, ఏ మూలకు పోయినా రిపేరు చేసేవాడు దొరుకుతాడు, డీజిల్ తక్కువ తాగుతుందని లెక్కల వాళ్లు అంటారు. ఆటోమేటిక్ పాడైతే పెద్ద ఖర్చని ఇంకొకరు. డ్రైవర్ల మాట మాత్రం ఆ గదిలో వినిపించదు, వాళ్లనెవరూ పిలవరు కాబట్టి. పొద్దున చీకటితో ఎక్కి రాత్రి చీకటితో దిగేది వాళ్లే. మాన్యువల్ గేరంటే నాకు ప్రాణం. అయినా ఈ ఊళ్లో పనికి తిప్పే డీజిల్ పికప్‌కి ఆటోమేటిక్కే ఉండాలని నా నమ్మకం. ఎందుకో చెప్తాను.

గురువారం సాయంత్రం ఖోబర్ నుంచి బహ్రెయిన్ వైపు కింగ్ ఫహద్ కాజ్‌వే ఎక్కినవాళ్లకు ఇది వివరించక్కర్లేదు. 1986లో తెరిచిన ఆ పాతిక కిలోమీటర్ల దారి నడుమ, పాస్‌పోర్టు, కస్టమ్స్ గేట్ల ముందు బళ్లు బారులు తీరతాయి. ముందున్న బండి రెండు గజాలు కదిలి ఆగుతుంది. ఆటోమేటిక్ వాడు బ్రేకు మీద కాలు కాస్త వదులు చేస్తే చాలు, బండి దానంతటదే పాకుతుంది. మాన్యువల్ వాడు క్లచ్ నిండా తొక్కాలి, ఫస్టు వెయ్యాలి, సగం వదలాలి, మళ్లీ తొక్కాలి, న్యూట్రల్ చెయ్యాలి. లోడు మోసే డీజిల్ బండి క్లచ్ చిన్న కారు క్లచ్‌లా ఉండదు. అంత బలాన్ని జారకుండా పట్టుకోవాలంటే ప్రెషర్ ప్లేటు బిగువుగా ఉండాలి, ఆ బిగువంతా పెడల్ మీద కాలికి తెలుస్తుంది. కాజ్‌వే వారానికొకసారి. దమ్మాం సనయ్య, అంటే పారిశ్రామిక వాడ నుంచి సైటుకు సామాను తిప్పేవాడికి సిగ్నళ్లూ ట్రాఫిక్కూ రోజూ అంతే.

మా దగ్గర జగిత్యాల వైపు తమ్ముడొకడు ఉన్నాడు. నెమ్మదస్తుడు, బండిని సొంత బండిలా చూసుకుంటాడు. ఈ మధ్య ఆయిల్ చెక్ చేస్తూ నా పక్కన నిలబడి మెల్లగా అన్నాడు: "అన్నా, బండి మంచిదే. పొద్దుమూకే యాల్లకు ఎడమ మోకాలు గుంజుతాంది. ఈసారన్న ఆటోమేటిక్ ఇప్పియ్యరాదే."

"ఇన్ని రోజులు ఎందుకు చెప్పలేదు తమ్మీ?" అన్నాను.

"చెప్తే నడపరానోడు అనుకుంటరు గద."

ఆ మాట నన్ను చాలా బాధపెట్టింది. గేరు మార్చడం వచ్చినవాడే డ్రైవరు, రానివాడికి ఆటోమేటిక్ అని మనమే ఒక అభిప్రాయం తయారుచేసి పెట్టాం. ఆ అభిప్రాయం మోకాళ్ల మీద పడుతోంది. దానికి తోడు ఎండాకాలం ఈ ఊరి సంగతి తెలిసిందే. 2003 జులై 8న ధహ్రాన్‌లో డ్యూ పాయింట్ 35 డిగ్రీలు నమోదైంది, ప్రపంచంలో ఇప్పటిదాకా చూసిన అత్యధికాల్లో దాన్ని చెప్తారు. అంటే గాలిలో ఇక చెమట ఆరే చోటే లేదు. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు ఎండలో పని చేయించకూడదని ఇక్కడ ప్రభుత్వ నిబంధన ఉంది. క్యాబిన్లో ఏసీ ఉంటుంది కాబట్టి డ్రైవరు సుఖంగా ఉన్నాడనుకుంటాం. లోడు దింపడానికి, తాడు బిగించడానికి దిగి ఎక్కేవాడు ఎంత అలసిపోతాడో వాడి పక్కన ఒక్క పూట తిరిగినా తెలుస్తుంది. అలసిన కాలు క్లచ్ మీదే విశ్రాంతి తీసుకుంటుంది, అక్కణ్ణించే ప్లేటు అరగడం మొదలవుతుంది.

మన దేశం నుంచి కొత్తగా వచ్చినవాళ్ల ఇబ్బంది ఇంకోటి. మన దగ్గర స్టీరింగు కుడివైపు, గేరు ఎడమ చేతికి. ఇక్కడ స్టీరింగు ఎడమవైపు, గేరు కుడి చేతికి. క్లచ్ మాత్రం రెండు చోట్లా ఎడమ కాలికే. అందుకే మొదట్లో కాలు ఠక్కున పడుతుంది, ఎడమ చెయ్యి మాత్రం గేరు రాడ్డు కోసం వెళ్లి డోరుకు తగులుతుంది. ఆ క్షణంలో కళ్లు రోడ్డు వదిలేస్తాయి. అదే సమయానికి రౌండ్‌అబౌట్‌లో ఎడమ నుంచి బండి దూసుకొస్తుంటుంది, వాడేమో అలవాటు కొద్దీ కుడివైపు చూస్తుంటాడు. కొత్తవాడికి మొదట ఆటోమేటిక్ బండే ఇవ్వాలనే విషయంలో నేను ఎవరితోనూ రాజీపడను. వాడు ముందు రోడ్డు నేర్చుకోవాలి, గేరు సంగతి తర్వాత.

ఇక ఇసుక. అసలు వాదనంతా ఇక్కడే ఉంది, మాన్యువల్ కావాలనే పెద్దలు ఎక్కువగా తప్పుపట్టేదీ ఇక్కడే. హాఫ్ మూన్ బే దగ్గర తిన్నెలు సరదాకు ఎక్కేవాళ్ల సంగతి వదిలేద్దాం. బుఖైఖ్ దారిలో పైపులైన్ల వెంట మట్టిరోడ్డు దిగి వంద గజాలు మెత్తటి ఇసుకలో పోవాల్సిన పని మా డ్రైవర్లకు మామూలే. అక్కడ కావలసింది ఆగని ఊపు. డీజిల్ ఇంజన్ బలమంతా టర్బోలో ఉంటుంది. గేరు మార్చడానికి క్లచ్ తొక్కి ఎక్సలేటర్ వదిలిన ఆ అర సెకనులో టర్బో గాలి తగ్గిపోతుంది, ఇసుక బండిని వెనక్కి లాగేస్తుంది. మళ్లీ క్లచ్ వదిలేసరికి బండి నిలబడిపోయి ఉంటుంది. ఇక హాఫ్ క్లచ్ మీద కదిలించాలి. ఆటోమేటిక్‌లో గేరు మారుతున్నా లాగుడు తెగిపోదు.

కదిలించేటప్పుడు ఎక్కడో ఒకచోట జారుడు తప్పదు, ఏ గేరైనా సరే. ఇంజన్ తిరుగుతుంది, చక్రం ఇంకా తిరగదు, ఆ తేడా వేడిగా మారుతుంది. మాన్యువల్‌లో ఆ వేడి ఎండు ప్లేటు మీద, పలచటి రాపిడి పొర మీద పడుతుంది. ఆటోమేటిక్‌లో టార్క్ కన్వర్టర్ ఉంటుంది. ఎదురెదురుగా పెట్టిన రెండు ఫ్యాన్లు ఊహించుకోండి, ఒకటి తిప్పితే వచ్చే గాలికి రెండోదీ తిరుగుతుంది. ఇక్కడ గాలి బదులు ఆయిల్. నడుమ ఇంకో చిన్న చక్రం తిరిగొచ్చే ఆయిల్‌ను మళ్లించి తోడ్పడటంతో, నిలబడ్డ బండి కదిలే క్షణాన ఇంజన్ బలం దాదాపు రెండింతలై గేరుబాక్సుకు అందుతుంది. జారుడంతా ఆయిల్‌లో జరుగుతుంది, వేడిని ఆ ఆయిలే కూలర్‌కి మోసుకుపోతుంది. మెత్తని ఇసుకలో లోడుతో కదలడానికి ఇంతకన్నా నెమ్మదైన పద్ధతి నాకు తెలియదు.

ఇసుకలో కాలిపోయిన క్లచ్ ఎలా ఉంటుందో చూడాలంటే ఖోబర్ తుఖ్బా వర్క్‌షాపుల్లో ఒక పూట గడపాలి. ఆ మధ్య మాదే ఒక బండిని ట్రక్కు మీద అక్కడికి తెచ్చాం. మెకానిక్ గేరుబాక్సు దించి, ప్రెషర్ ప్లేటు బోల్టులు విప్పగానే మాడువాసన గుప్పుమంది. ప్లేటు మీది పొర పోయి రివెట్లు బయటికొచ్చాయి. ఫ్లైవీల్ అద్దంలా మెరవాల్సిన చోట నీలం మచ్చలు, వేలితో తడిమితే సన్నటి పగుళ్లు. ఆ మచ్చలు పడ్డాయంటే ఇనుము ఎంత కాగిందో చెప్పనక్కర్లేదు. ప్లేటు ఒక్కటే మారిస్తే చాలదు, ఫ్లైవీలూ పోయినట్టే. ఆ డ్రైవరు ఇసుకలో టైర్ల గాలి తగ్గించకుండా బయటపడాలని చూశాడు. వాడికి ఎవరూ నేర్పలేదు. 1930లలో ఈ ధహ్రాన్ గుట్టల చుట్టూ నూనె కోసం వెతికిన మాక్స్ స్టైనికీ బృందం, దారి చూపిన ఖమీస్ బిన్ రిమ్‌సాన్, ఆ కాలపు ఫోర్డు బళ్లతో ఎడారి దాటింది గేరుబాక్సు మహిమతో కాదు. వెడల్పు టైర్లలో గాలి తక్కువ పెట్టుకునేవాళ్లు. గేరు ఏదైనా ఆ పాఠం మారదు.

బండి తయారుచేసేవాళ్లు కూడా తమ అభిప్రాయాన్ని అంకెల్లో చెప్పేశారు. టొయోటా హైలక్స్ 2.8 లీటర్ డీజిల్ ఇంజన్‌కి 2020లో బలం పెంచినప్పుడు ఆటోమేటిక్‌కి 500 న్యూటన్ మీటర్ల టార్క్ ఇచ్చి, మాన్యువల్‌కి 420 దగ్గరే ఆపారు. 2022లో మన దేశంలో విడుదలైన హైలక్స్‌కీ ఇదే లెక్క. ఇంజన్ ఒకటే, మాన్యువల్ బండిలో దాని గొంతు నొక్కిపెడుతున్నారు. అమెరికాలో పెద్ద డీజిల్ పికప్‌లకు చివరిదాకా మాన్యువల్ ఇచ్చిన ర్యామ్ కూడా 2018 మోడల్‌తో ఆపేసింది. మాన్యువల్ బండికే ఎక్కువ దమ్ము అని వాదించే మిత్రులు ఈ అంకెలు ఒకసారి చూడాలి.

డీజిల్ ఖర్చు మాట కొట్టిపారేసేది కాదు. సౌదీలో డీజిల్ లీటరు 2023 మొదట్లో 75 హలాలాలు, అంటే ముప్పావు రియాలు. 2024 జనవరిలో 1.15 రియాళ్లు, 2025 జనవరిలో 1.66 అయింది. నీళ్ల కంటే చవక అనుకునే రోజులు పోయాయి, అకౌంట్స్ వాళ్ల కంగారు న్యాయమే. కాకపోతే మాన్యువల్ పొదుపు అనేది పాత నాలుగు గేర్ల ఆటోమేటిక్‌ల నాటి లెక్క. ఇప్పటి ఆరు గేర్ల బాక్సులో వేగం అందుకోగానే కన్వర్టర్ లాక్ అవుతుంది, జారుడు పోతుంది. హైవే మీద రెండింటికీ పెద్ద తేడా మిగలదు. ఊళ్లో పొదుపు డ్రైవరు చేతిలో ఉంటుంది, అలసిన డ్రైవరు నాలుగో గేరులో ఇంజన్‌ను గుంజిస్తూనో, రెండో గేరులో అరిపిస్తూనో పోతాడు.

ఆటోమేటిక్ అడిగేవాళ్లు కొన్ని బాధ్యతలు కూడా తీసుకోవాలి. గేరు ఆయిల్ జీవితాంతం మార్చక్కర్లేదని ఎవరైనా చెప్తే, ఈ ఎండకు, ఈ లోడుకు ఆ మాట నమ్మకండి. ఇసుకలో చాలాసేపు పాకించాక ఆయిల్ వేడి లైటు వెలిగితే ఇంజన్ ఆపకుండా పార్కులో పెట్టి చల్లారనివ్వాలి. ఇంజన్ ఆపితే ఆయిల్ తిరగడమే ఆగిపోతుంది. అందుకే చెడిపోయిన టూ వీల్ ఆటోమేటిక్ పికప్‌ను వెనక చక్రాలు నేల మీద దొర్లేలా కట్టి లాక్కుపోకూడదు. లోపల పళ్లు, బేరింగులు ఆయిల్ లేకుండా తిరుగుతాయి. ట్రక్కు మీదికి ఎక్కించాల్సిందే. బ్యాటరీ చచ్చిపోతే నలుగురు నెట్టి స్టార్టు చేసే వెసులుబాటూ ఉండదు, కేబుళ్లు బండిలో ఉండి తీరాలి.

ఘాట్ రోడ్డు మీద నా మనసు ఇప్పటికీ మాన్యువల్ వైపే. తాయిఫ్ నుంచి అల్ హదా దిగేటప్పుడు లోడున్న బండిని రెండో గేరులో కట్టి పట్టుకోవడంలో ఉన్న ధైర్యం వేరు. డీజిల్ ఇంజన్‌లో పెట్రోలు దానిలా ఎక్సలేటర్ వదలగానే గాలి దారి మూసుకుపోదు, కాబట్టి ఇంజన్ బ్రేకు పట్టాలంటే గేరు బాగా తగ్గించాలి. తిరుమల మొదటి ఘాట్‌లో దిగుతూ నేర్చుకున్న రాయచోటి డ్రైవర్లకు ఇది ఒంట్లోనే ఉంటుంది. ఆటోమేటిక్‌లోనూ చేత్తో గేరు తగ్గించే వీలుంది, కానీ 'D'లో పెట్టి బ్రేకులు తొక్కుకుంటూ దిగేవాళ్లే ఎక్కువ. బ్రేకులు కాగి పెడల్ మెత్తబడేదాకా వాళ్లకు తెలియదు. కొండల వైపు వెళ్లే బళ్లు కొన్ని మాన్యువల్‌గానే ఉంచమని ఈసారీ రాశాను. నగరంలో, సైటుల్లో తిరిగేవన్నీ ఆటోమేటిక్ అడిగాను, మోకాలి మాటను కారణాల్లో మొట్టమొదట పెట్టాను.

ఊళ్లో గల్ఫ్ ప్రయాణానికి సిద్ధమవుతున్న పిల్లలు మాత్రం దీన్ని ఇంకోలా అర్థం చేసుకోకూడదు. మీరు మాన్యువలే నేర్చుకుని రండి. దుబాయ్‌లో లైసెన్సే రెండు రకాలు, ఆటోమేటిక్‌కి తీసుకున్నవాడు మాన్యువల్ ముట్టుకోకూడదు. ఇక్కడ డైనా లాంటి చిన్న లారీ, పెద్ద లారీ దాకా ఎదిగి జీతం పెంచుకోవాలన్నా, తిరిగొచ్చి జగిత్యాలలోనో రాయచోటిలోనో సొంతంగా ఒక బొలెరో పికప్ పెట్టుకోవాలన్నా క్లచ్ రావాల్సిందే. శ్రీసిటీలో 2016 నుంచి ఇసుజు డీ మ్యాక్స్ తయారవుతోంది, అందులో ఆటోమేటిక్ దొరికేది వీ క్రాస్‌లాంటి ఖరీదైన బళ్లలో. లోడుకు తిప్పే రకానికి గేరు రాడ్డే. డ్రైవింగ్ స్కూల్లో మైదానం చుట్టూ తిప్పి పంపిస్తే ఊరుకోకండి. లోడున్న బండిని ఎత్తు మీద ఆపి, వెనక్కి జారకుండా, ప్లేటు మాడకుండా కదిలించడం నేర్పమని పట్టుబట్టండి. హ్యాండ్‌బ్రేకు వేసి, క్లచ్ పట్టేచోటు కాలికి తెలిశాకే బ్రేకు వదలాలి. అది వచ్చేదాకా ఫీజు మొత్తం కట్టకండి.