లాట్ రాజీనామా

మలేషియాలో కార్టూన్లు గీసి బతకవచ్చన్న నమ్మకం కుదిరిందంటే అందులో పెద్ద వాటా లాట్‌ది. అసలు పేరు మొహమ్మద్ నూర్ ఖాలిద్. పసితనంలో గుండ్రంగా, బొద్దుగా ఉండేవాడని ఇంట్లోవాళ్ళు పిలిచిన ముద్దుపేరే తరవాత బొమ్మ కింద సంతకమైంది. 1984లో ఆయన న్యూ స్ట్రెయిట్స్ టైమ్స్ దినపత్రికలో ఉద్యోగానికి రాజీనామా చేసి సొంతంగా గీసుకోవడం మొదలుపెట్టాడు. పేరున్న పత్రిక, ఒకటో తారీఖు జీతం, దేశమంతా ఎదురుచూసే బొమ్మ, ఇవన్నీ ఉండగా బయటికి నడిచాడు. ధైర్యం గురించి మాట్లాడేవాళ్ళకు ఇంతకంటే నచ్చే కథ ఉండదు. “ఉద్యోగం వదిలెయ్, నీకు నచ్చిన బతుకు బతుకు” అనే ఉపన్యాసం ఈ వారం కూడా ఒకటి ఫోన్ల మీదుగా ఊరంతా తిరిగింది. ఆ తరహా ఉపన్యాసాల మీద ఈ శీర్షికకున్న చిరాకు పాత పాఠకులకు తెలియనిది కాదు. చెప్పేవాడికి ఆ చెప్పడమే ఉద్యోగమన్న సంగతి ఇక్కడ ఎన్నోసార్లు వచ్చింది. అందుకని లాట్ రాజీనామాను విడిగా చూడకుండా, దాని ముందూ వెనకా జరిగినవాటితో కలిపి వరుసలో పెట్టి చూడడం మేలు.

లాట్ 1951 మార్చి 5న పెరాక్ రాష్ట్రంలో, ఇపోకి దక్షిణాన ఉన్న గోపెంగ్ దగ్గర కోటా భారు అనే పల్లెలో పుట్టాడు. తండ్రి సైన్యంలో గుమాస్తా. ఆ పల్లె ఉన్నది కింటా లోయలో. ప్రపంచంలోకెల్లా గొప్ప తగరపు నేలల్లో అదొకటి. పందొమ్మిదో శతాబ్దం చివర చైనా నుంచి వేలమంది ఈ లోయకు వచ్చిపడ్డారు. ఇపో పట్టణం లేచింది ఆ తగరం మీదే. అదృష్టం కలిసొచ్చినవాళ్ళు కట్టుకున్న మేడలు ఇప్పటికీ పాత వీధుల్లో కనిపిస్తాయి. కలిసిరానివాళ్ళ గుర్తులు కనిపించవు. సాహసం గురించి రాసే పుస్తకాలన్నీ ఈ మేడలను చూసి రాసినవే.

తరవాత బ్రిటిష్ కంపెనీలు డ్రెడ్జీలు దింపాయి. డ్రెడ్జి అంటే తన చుట్టూ తానే చెరువు తవ్వుకుంటూ, ఆ నీటి మీద తేలుతూ, బకెట్ల గొలుసుతో అడుగు మట్టిని తోడి లోపలే కడిగే ఇనుప ఇల్లు. బటు గాజా దగ్గర తంజుంగ్ తువాలాంగ్‌లో ఇప్పుడు సందర్శకుల కోసం నిలబెట్టిన ఐదో నంబరు డ్రెడ్జి 1938లో కట్టింది, బరువు 4,500 టన్నులు. 1982 దాకా పనిచేసింది. అలాంటి యంత్రం వదిలిన బురదలోనూ కాస్త ఖనిజం మిగులుతుంది. వెడల్పాటి గుండ్రటి చెక్క పళ్ళెంలో ఆ బురద పోసి, నడుం లోతు నీళ్ళలో నిలబడి తిప్పుతుంటే తేలిక ఇసుక అంచు దాటి పోతుంది, నల్లటి తగరపు రవ్వ అడుగున నిలుస్తుంది. ఈ పని ఎక్కువగా ఆడవాళ్ళు చేసేవారు. దానికి ప్రభుత్వం ఇచ్చిన చీటీ ఉండాలి. చీటీ లేకుండా కడిగితే దొంగతనమే.

లాట్ ‘కంపుంగ్ బాయ్’ పుస్తకంలో ఆ దొంగతనం ఉంది. కుర్రాడు తోటిపిల్లల వెంట పోయి డ్రెడ్జి నీడలో తగరం కడగడం నేర్చుకుంటాడు. నాలుగు డబ్బులు తేగలనన్న గర్వంతో ఇంటికొస్తాడు. తండ్రి మెచ్చుకోడు, చితకబాదుతాడు. చదువుకోవలసిన వయసులో, అదీ చట్టం ఒప్పుకోని పనిలో దిగినందుకు. ప్రభుత్వ గుమాస్తా కొడుకు ఎక్కవలసిన మెట్టు ఇంకో గుమాస్తా కుర్చీయే గాని బురదగుంట కాదని ఆ తండ్రి లెక్క. పెరాక్‌లోనే ఇంకా కిందికి, బగాన్ దాతో వైపు కొబ్బరి తోటలకు వచ్చిన తెలుగు కుటుంబాల లెక్కా అదే. తోటలో కూలివాడి కలల హద్దు కొడుకు కిరాణి, అంటే తోట గుమాస్తా, కావడం: చొక్కా నలగని పని, నెల జీతం, దొర పలకరింపు. ఆ ఇళ్ళలో ఎవరైనా బొమ్మలు గీస్తానంటే ఏం జరిగి ఉండేదో ఊహించడానికి పెద్ద కష్టపడక్కర్లేదు.

తండ్రి కొలువు బదిలీలదైనందున ఆ కుటుంబం కొంత తిరిగి, చివరికి ఇపోలో ఇల్లు కొనుక్కుంది. లాట్ 1909లో స్థాపించిన ఆండర్సన్ స్కూల్లో చదివాడు. అంతకుముందు ప్రాథమిక పాఠశాలలో ఒక టీచరు అతని చేతిలో విద్య ఉందని గుర్తించి ప్రోత్సహించింది. లాట్ బొమ్మల్లో పదే పదే కనిపించే, పైకెత్తి కట్టిన జుట్టు, సీతాకోకచిలుక రెక్కల్లాంటి కళ్ళజోడు ఉన్న గయ్యాళి టీచరమ్మకు మూలం ఆవిడే. ప్రోత్సహించినందుకు దక్కిన గురుదక్షిణ అది!

1964లో, పదమూడేళ్ళ వయసులో, లాట్ ‘తిగ సెకవాన్’ అనే బొమ్మల కథ గీసి పినాంగ్‌లోని ఒక ప్రచురణకర్తకు పంపాడు. దొంగను పట్టుకునే ముగ్గురు మిత్రుల కథ. పంపింది పిల్లవాడని వాళ్ళకు తెలియదు, పెద్దవాడే అనుకుని వేసేశారు. 25 డాలర్లు చేతికొచ్చాయి. 1968లో, బడిలో ఉండగానే, ఆదివారం పత్రిక బెరితా మింగులో ‘కెలువార్గ సి మామత్’ వారంవారం మొదలైంది. 26 ఏళ్ళు నడిచింది. రాజీనామా నాటికే ఆ శీర్షికకు పదహారేళ్ళు నిండాయి. మైకు పట్టుకున్న వక్త ఎవరూ ఈ పదహారేళ్ళ జోలికి పోరు. చప్పట్లు పడే భాగం కాదు కదా.

1970లో చదువు పూర్తయ్యేసరికి మార్కులు పైచదువుకు సరిపోలేదు. తండ్రి జబ్బున పడ్డాడు, ఇంట్లో డబ్బు లేదు. కౌలాలంపూర్ వెళ్ళి బెరితా హరియన్ పత్రికలో బొమ్మలు వేసే పని అడిగితే ఖాళీ లేదన్నారు. సంపాదకుడు అబ్దుల్ సమద్ ఇస్మాయిల్ నేరవార్తల విలేకరి పని ఉంది, చేస్తావా అన్నాడు. చేశాడు. 1969 మే 13 జాతి అల్లర్ల గాయం ఇంకా మానని నగరం అది. మలయులు, చైనీయులు, భారతీయులు ఒకరి వీధిలోకి ఒకరు జంకుతూ అడుగుపెట్టే రోజుల్లో, ఇపో నుంచి వచ్చిన కుర్రాడు పోలీసు స్టేషన్ల చుట్టూ, సందుగొందుల చుట్టూ తిరిగాడు. నేరవార్తలు రాయడం తనకు అచ్చిరాలేదు. కాని సిక్కు కాపలాదారు కూర్చునే తీరు, చైనా కాఫీ కొట్టువాడు చిల్లర లెక్కపెట్టే తీరు, తమిళ పెళ్ళిలో పెద్దమనిషి నిలబడే తీరు గీయాలంటే ముందు ఆ వీధులన్నీ తిరగాలి. జీతమిచ్చి మరీ తిప్పింది పత్రిక.

ఇంతవరకు చూస్తే ఈ శీర్షిక పాత వాదనకే బలం చేకూరుతున్నట్టుంది: ఉద్యోగం అడ్డం కాదు, ఉద్యోగమే తయారుచేసింది. తెలుగులో బాపు సంగతీ దాదాపు ఇంతే. మద్రాసులో లా చదివి 1955లో పట్టా పుచ్చుకుని, కోర్టు వైపు పోకుండా ఆంధ్రపత్రికలో బొమ్మలు వేశాడు. ముళ్ళపూడి వెంకటరమణ ‘బుడుగు’కు రూపం ఇచ్చిన చెయ్యి అది. 1967లో గోదావరి లంకల పక్కన పులిదిండిలో ‘సాక్షి’ తీసి సినిమా దర్శకుడయ్యాడు. అయినా బొమ్మ మానలేదు. సినిమా ఆడినా ఆడకపోయినా పుస్తకానికి ముఖచిత్రం వేసే చెయ్యి ఖాళీగా లేదు. ఇలాంటివాళ్ళను చూపించి “దూకేశారు” అనడం తేలిక. నిజానికి ఒక కాలు గట్టున ఆనించే రెండో కాలు నీళ్ళలో పెట్టారు.

1974 దగ్గర మాత్రం ఈ వాదన కుంటుతుంది. ఆ ఏడాది హాంకాంగ్ నుంచి వెలువడే ఏషియా మ్యాగజైన్‌లో లాట్ బొమ్మల కథనం ‘బెర్సునత్’ అచ్చయింది. మలయ్ పల్లెలో పిల్లలకు చేసే సున్తీ వేడుక మీద అది. ఊరేగింపు, చుట్టాల హడావుడి, అరటిబోదె మీద కూర్చోబెట్టిన కుర్రాడి బిక్కమొహం, అన్నీ ఉన్నాయి. గీసిన మనిషి అప్పటికి న్యూ స్ట్రెయిట్స్ టైమ్స్ సంస్థలో జీతానికున్న విలేకరి. తన పత్రిక ఈ బొమ్మలు గీయమని అడగలేదు. వేరే దేశపు పత్రికలో వచ్చాయి. పైగా విషయం మతాచారం, అదీ నవ్విస్తూ. కోపం రావడానికి ఇంట్లోవాళ్ళకీ, ఊళ్ళోవాళ్ళకీ, ఆఫీసులోవాళ్ళకీ తలా ఒక కారణం ఉంది. ఇల్లు గడవడానికని పట్టుకున్న ఉద్యోగం ఆ మనిషిది. పోతే చేతిలో ఆ ఆదివారం శీర్షిక తప్ప ఇంకేం లేదు. అప్పటికి కంపుంగ్ బాయ్ లేదు, దేశమంతటా పేరు లేదు.

జరిగింది వేరు. తమ దగ్గరున్నవాణ్ణి తామే గుర్తించలేదని పత్రిక పెద్దలకు చురుక్కుమంది. ‘సీన్స్ ఆఫ్ మలేషియన్ లైఫ్’ అనే శీర్షిక చేతిలో పెట్టారు. 1975లో నాలుగు నెలలు లండన్ సెయింట్ మార్టిన్స్ కళాశాలకు పంపారు. తిరిగొచ్చాక పూర్తికాలపు కార్టూనిస్టు. 1979లో ‘కంపుంగ్ బాయ్’ వచ్చింది; మొదటి ముద్రణ 60,000, 70,000 మధ్య ప్రతులు కొద్ది నెలల్లోనే చెల్లిపోయాయి. 1981లో ఇపో కథ ‘టౌన్ బాయ్’. పల్లె నుంచి వచ్చిన మలయ్ కుర్రాడికీ, కాఫీ కొట్టు నడిపే చైనా ఇంటి పిల్లవాడు ఫ్రాంకీకీ రాక్ అండ్ రోల్ పాటల మీద కుదిరిన స్నేహం అది. చదువుకోసం ఇంగ్లండ్ వెళ్ళే ఫ్రాంకీని మిత్రుడు ఇపో రైల్వే స్టేషన్లో సాగనంపుతాడు. ఊరు దాటిపోయేది ఫ్రాంకీ. ఇవతల నిలబడిపోయేది కథ చెప్పేవాడు. బయటికి పోయినవాడే సాహసి అని ఆ పుస్తకం ఎక్కడా అనదు.

ఇక 1984. రాజీనామా చేసినా లాట్ ఆ పత్రికలో బొమ్మ ఆపలేదు, బయటినుంచి పంపేవాడు. మారింది బొమ్మల యాజమాన్యం. కంపుంగ్ బాయ్ పేరుతో సొంత కంపెనీ పెట్టుకుని తన పాత్రల వ్యాపారం తనే చూసుకున్నాడు. దేశంలో ప్రతి ఇంటికీ తెలిసిన సంతకం ఉన్నవాడికి అది ప్రమాదం కాదు, ఆలస్యంగా చేసిన లెక్క. ఆ ఏడాదే మలేషియాలో పత్రికలు ఏటేటా లైసెన్సు పునరుద్ధరించుకోవాలనే ముద్రణ చట్టం వచ్చింది. మొదట్లో ఉద్యోగమిచ్చిన సమద్ ఇస్మాయిల్ 1976 నుంచి 1981 దాకా విచారణ లేకుండా నిర్బంధంలో ఉన్నాడు. ప్రధాని మహతీర్‌ను ఇరవై ఏళ్ళు గీసిన లాట్ ఎన్నడూ ప్రభుత్వం సహించే గీత దాటలేదు. దాటినవాడు ఇంకో కార్టూనిస్టు, జునార్. 2010లో అతని పుస్తకాలు నిషేధించారు, 2015లో రాజద్రోహం కింద తొమ్మిది అభియోగాలు మోపారు, 2018లో గాని ఎత్తేయలేదు. ఆ కొలత పట్టుకుంటే లాట్‌ది ధైర్యమే కాదనాలి. అనవచ్చు. కాని అల్లర్ల తరవాతి నగరంలో మూడు జాతుల మొహాలనూ ఒకే ఆప్యాయతతో ఎగతాళి చేయడానికి వేరే రకం గుండె కావాలి. జునార్ కొలత దానికి పనికిరాదు.

భద్రమైన పని అనుకున్నది ఏమైందో కూడా చూడాలి. 1985 అక్టోబర్‌లో, తగరం ధర పడిపోకుండా నిలబెట్టే అంతర్జాతీయ తగరపు మండలి చేతులెత్తేసింది, లండన్ లోహాల మార్కెట్లో తగరం అమ్మకాలు ఆగిపోయాయి. కింటా లోయలో గనులు వరసగా మూతపడ్డాయి. డ్రెడ్జి కంపెనీ గుమాస్తా, లెక్కలు రాసేవాడు, మెకానిక్కు, తండ్రులు వేలుపెట్టి చూపించిన కుర్చీల్లో కూర్చున్నవాళ్ళంతా ఒక్కసారి వీధిన పడ్డారు. కుర్రవాళ్ళు కౌలాలంపూర్‌కో సింగపూర్‌కో బతకపోయారు. ఇపోలో చాలాకాలం ముసలివాళ్ళూ కాఫీ కొట్లూ మిగిలాయి.

కాబట్టి వారంవారం ఈ శీర్షిక తిట్టే ఉపన్యాసంలో మాట తప్పు కాదేమో, తేదీ తప్పు. తెగింపు కావాలంటాడు వక్త, కావాలి. అది 1984లో కాదు, 1974లో, జీతం అవసరమైన రోజుల్లో ఎవరూ అడగని బొమ్మ అచ్చయినప్పుడు. ఇంకా వెనక్కి పోతే 1964లో, పినాంగ్‌కు వెళ్ళిన కవరులో.

1997లో లాట్ కౌలాలంపూర్ వదిలి ఇపోకి మకాం మార్చాడు. పుట్టిన పల్లెకు దగ్గరగా ఉండాలని, పిల్లలు చిన్న ఊళ్ళో పెరగాలని. యువకులంతా రైలెక్కి వెళ్ళిపోతున్న ఊరికి దేశంలోకెల్లా పేరున్న కార్టూనిస్టు తిరిగొచ్చాడు. వ్యాపారం దృష్టితో చూస్తే, రాజధానిలో ప్రకటనల కంపెనీలు, పత్రికలు, టీవీ వాళ్ళు రోజూ తలుపు తట్టే చోటు వదులుకోవడం ఆ పాత రాజీనామా కంటే ఖరీదైన పని. దాని మీద ఉపన్యాసాలు లేవు. కంపుంగ్ బాయ్ యానిమేషన్ సిరీస్ ఆ ఏళ్ళలోనే టీవీలో వచ్చింది, 1999లో ఫ్రాన్సులో ఆన్సీ ఉత్సవంలో బహుమతి అందుకుంది. 2002లో ఫుకువోకా ఆసియా సంస్కృతి పురస్కారం ఇచ్చారు. 2006లో కంపుంగ్ బాయ్ అమెరికాలో అచ్చయింది, డ్రెడ్జి, చెక్క పళ్ళెం, తండ్రి చేతి దెబ్బలతో సహా.